గిటారు కేబులును ఎన్నుకొనుట ఎట్లు?

వీణకు కుండయు, మామూలు గిటారుకు బోలుపెట్టెయు ఉన్నవి. తంత్రి కంపనమును అవి గాలికి అందించును. ఎలక్ట్రిక్ గిటారుకు ఇట్టి పెట్టె అక్కరలేదు. గట్టి కొయ్యపలకయైనను చాలును. తంత్రి కంపనము విద్యుత్తుగా మారి, ఒక కేబులు గుండ యాంప్లిఫయరును చేరి, అక్కడ మరల ధ్వని యగును. ఈ కేబులు బజారులో కొన్ని వందల రూపాయలకును దొరకును, కొన్ని వేల రూపాయలకును దొరకును. పై అట్టమీద బంగారు పూత, ఆమ్లజని లేని రాగి మొదలగు విశేషణములు కనబడును. వీనిలో దేనికి డబ్బు ఇయ్యవచ్చునో, దేనికి అక్కరలేదో ఇంటర్మీడియెట్ విద్యుత్పాఠము చదివిన విద్యార్థియే తేల్చుకొనగలడు.

ముందుగా విద్యుత్తు పుట్టు తావును చూతము. అమెరికాలో 1932లో రికెన్‌బాకరు గిటారు అమ్మకమునకు వచ్చిన నాటినుండి నేటివరకు సూత్రము ఒక్కటే. అది 1831లో ఫారడే కనుగొన్న విద్యుదయస్కాంత ప్రేరణము. ఉక్కు తంత్రుల క్రింద అయస్కాంతములు, వానిచుట్టు వెండ్రుకవంటి సన్నని రాగితీగ కొన్నివేల చుట్లు ఉండును. దీనిని పికప్ అందురు. తంత్రి కదలినపుడు చుట్టలోని అయస్కాంత అభివాహము మారి, కొద్దిపాటి వోల్టేజి పుట్టును. సాధారణమైన ఒంటిచుట్ట పికప్‌నకు నిరోధము 6,000 మొదలు 8,000 ఓముల వరకును, స్వయంప్రేరకత రెండు మూడు హెన్రీలును ఉండును. యాంప్లిఫయరు ప్రవేశద్వారపు నిరోధము సుమారు 10 లక్షల ఓములు. కనుక కేబులులో ప్రవహించు విద్యుత్తు మిక్కిలి స్వల్పము.

ఈ అంకెలు చూచినవెంటనే ఒక సంగతి తేలిపోవును. ఆరు మీటర్ల కేబులునందలి రాగి నిరోధము, పోవు దారియు వచ్చు దారియు కలిపినను, ఒక ఓము ప్రాంతమున ఉండును. 7,000 ఓముల పికప్‌నకు ఒక ఓము చేర్చినను తీసివేసినను ఏ చెవియు కనిపెట్టజాలదు. ఆమ్లజని తీసిన రాగి వాహకత మామూలు విద్యుత్ రాగికంటె నూటికి ఒక పాలైనను ఎక్కువ కాదు. బంగారమో, రాగికంటె తక్కువ వాహకమే! అది త్రుప్పు పట్టదు కనుక పూతగా ఉపయోగపడునేకాని నాదమును పెంచదు.

అసలు విషయము కెపాసిటీలో ఉన్నది. కేబులు మధ్యను ఒక రాగితీగ, దాని చుట్టు పాలిథీను వంటి రోధకము, దానిపైన లోహకవచము, అన్నిటిపైన తొడుగు ఉండును. రెండు లోహములు, నడుమ రోధకము: ఇది పొడవుగా సాగదీసిన లీడెన్ జాడీయే. మామూలు కేబులునకు మీటరుకు సుమారు 100 పికోఫారడులు ఉండును. పొడవుతోపాటు ఇది పెరుగును. పికప్ ప్రేరకతయు, ఈ కెపాసిటీయు కలిసి అనునాద వలయమును ఏర్పరచును. ప్రేరకత 2.5 హెన్రీలు, పికప్ సొంత కెపాసిటీ 100 పికోఫారడులు అనుకొందము. మూడు మీటర్ల కేబులుతో మొత్తము 400 అగును. పాఠ్యపుస్తకములోని సూత్రమున వేసిచూచినచో అనునాద పౌనఃపున్యము సుమారు 5,000 హెర్ట్‌జులు వచ్చును. పది మీటర్లదైనచో మొత్తము 1,100. అనునాదము సుమారు 3,000కు దిగును. దానికి పైనున్న స్వరాంశములు త్వరత్వరగా క్షీణించును. అందుచేతనే పొడుగు కేబులుతో గిటారు మొద్దుగా పలుకును. ఈ లెక్కను విద్యార్థులు స్వయముగా వేసి చూడవలెను. నిజమైన వలయమున అనునాదము ఇంత సులభముగా చెవికి వినబడు సందర్భములు అరుదు.

కాబట్టి అట్టమీద మొట్టమొదట వెదకవలసినది మీటరుకు ఎన్ని పికోఫారడులు అను అంకె. అది వ్రాయని కేబులుకంటె వ్రాసినది మేలు. తరువాతది పొడవు: అవసరమైనంత పొడవే కొనవలెను, అధికము వద్దు. అయితే ఎక్కువ కెపాసిటీ దోషమే అని చెప్పుటకు వీలులేదు. జిమి హెండ్రిక్స్ వాడిన స్ప్రింగువంటి చుట్టల కేబులులో తీగ చాల పొడుగు. ఆ మెత్తదనమును కోరి నేటికిని అట్టివి కొనువారున్నారు. అది రుచికి సంబంధించిన మాట.

ఇక కవచము. ఇంటి విద్యుత్తు 50 హెర్ట్‌జుల మ్రోత చుట్టునున్న తీగలనుండి విద్యుత్ క్షేత్రముగా వ్యాపించును. కవచము దానిని భూమికి మళ్లించును. జడవలె అల్లిన రాగికవచము వంగినను చెదరదు. పలుచని లోహపు రేకు గోడలో కదలక ఉండు తీగలకు మంచిది కాని, వేదికమీద త్రొక్కుళ్లు, మెలికలు పడినచో చిరుగును. మంచి కేబులులో కవచము క్రింద వాహక ప్లాస్టిక్ పొర ఒకటి అదనముగా ఉండును. కేబులు కదలినపుడు రాపిడివలన పుట్టు ఆవేశములను అది పోగొట్టి, టకటక శబ్దమును ఆపును. ట్రాన్స్‌ఫార్మరునుండి వచ్చు అయస్కాంత క్షేత్రము నేరుగా పికప్‌లోనే మ్రోత పుట్టించును. దానికి ఎంత ఖరీదైన కేబులును మందు కాదు. 1955లో గిబ్సన్ కంపెనీలో సెత్ లవరు రూపొందించిన జంటచుట్టల పికప్ అందుకు ఉపాయము.

ఆచరణలో కేబులులు చెడునది రాగివలన కాదు, చివరలవలన. 6.35 మిల్లీమీటర్ల ఈ ప్లగ్ పూర్వము టెలిఫోను ఎక్స్ఛేంజీలలో వాడినదే. దాని మూత మర విప్పి లోపల చూడవచ్చునో లేదో, సోల్డరు మెరయుచున్నదో లేదో, తొడుగును గట్టిగా పట్టు బిగింపు ఉన్నదో లేదో గమనింపవలెను. మూత పోతపోసి మూసివేసినదైతే తీగ ఊడిననాడు కేబులునే పారవేయవలెను. పాఠశాలలో మల్టీమీటరున్నచో ఒక కొననుండి మరొక కొనకు సంబంధమును, మొనకును కవచమునకును మధ్య సంబంధము లేకుండుటను, ప్లగ్ దగ్గర కేబులును వంచుచు పరీక్షింపవచ్చును.

ఇదే ప్లగ్‌తో లౌడ్‌స్పీకరు కేబులులును దొరకును. వానికి కవచము లేదు. గిటారుకు తగిలించినచో మ్రోతయే మిగులును. తారుమారు చేసి గిటారు కేబులును స్పీకరుకు వాడుట ఇంకను చెడ్డది. 8 ఓముల స్పీకరుకు 100 వాట్లు పోవునపుడు మూడున్నర ఆంపియర్లు ప్రవహించును. ఆ సన్నని తీగ వేడెక్కి, రోధకము కరగి, యాంప్లిఫయరు చెడిపోవచ్చును.

కేబులు కవచమునకు మరియొక పని కలదు. గిటారులో ఉక్కు తంత్రులను సాధారణముగా ఆ కవచమునకే కలుపుదురు. అనగా వాయించువాని వ్రేళ్లు కేబులు ద్వారా యాంప్లిఫయరు భూమితీగతో కలిసియున్నవి. ఆ ప్రక్కనున్న మైక్రోఫోను భూమి సంబంధము లేక విద్యుత్తు పారుచున్నదైనచో, దానిని తాకినవాని దేహము గుండ విద్యుత్తు దారి చేసికొనును. స్టోన్ ది క్రోస్ అను స్కాట్లండు బృందపు గిటారు విద్వాంసుడు లెస్లీ హార్వే 1972 మే 3న స్వాన్‌సీ వేదికమీద ఇట్లే మరణించెను. కళాశాల వార్షికోత్సవములకు అద్దె యాంప్లిఫయర్లు తెచ్చినపుడు మూడవ పిన్ను విరిచిన ప్లగ్‌లు మనకు క్రొత్త కావు. కావున కేబులు తగిలించుటకు ముందే ఆ పిన్ను ఉన్నదో లేదో, సాకెట్టులో భూమితీగ పనిచేయుచున్నదో లేదో ఎలక్ట్రీషియనుచేత చూపించవలెను. లేనియెడల ఆ సాయంత్రము గిటారును మాని, హార్మోనియముతో కచేరి జరిపించుట మంచిది.