వైజాగ్ బీచ్‌లో ఉన్న నేవీ విమానం మళ్ళీ ఎగరగలదా?

మొబైల్ షాపులో డమ్మీ పీస్ చూసే ఉంటారు. బయటికి అచ్చం కొత్త ఫోనే, పవర్ బటన్ నొక్కితే మాత్రం ఉలుకూ పలుకూ ఉండదు. మ్యూజియంలో పెట్టిన విమానానికీ, రిపేర్ చేసి మళ్ళీ ఎగరేసే పాత విమానానికీ తేడా కూడా దాదాపు అంతే.

మన సత్యవేడు నుంచి ఊత్తుకోట, తిరువళ్ళూరు మీదుగా వెళ్తే అరక్కోణం వస్తుంది. నేవీ వాళ్ళ ఐఎన్ఎస్ రాజాళి అక్కడే. సముద్రంలో సబ్‌మెరైన్లను వెతికే టీయూ-142 విమానాలు 1992 నుంచి అక్కడే ఉండేవి. 29 ఏళ్ళ సర్వీసు తర్వాత 2017 మార్చి 29న వాటిని రిటైర్ చేశారు. ఒకటి మాత్రం ఏప్రిల్‌లో తనే ఎగురుకుంటూ వైజాగ్ వచ్చింది. తర్వాత దాన్ని భాగాలుగా విడదీసి, రోడ్డు మీద బీచ్‌కి తెచ్చి, మళ్ళీ బిగించి, డిసెంబర్‌లో మ్యూజియంగా తెరిచారు.

మరి బిగించారు కదా, ఎందుకు ఎగరదు? మూడు విషయాలు చెప్తా.

ఒకటి, ఉప్పు గాలి. నేవీ విమానానికి తుప్పు పెయింట్ కింద, అతుకుల మధ్య మొదలవుతుంది. బయటికి కనపడదు. బ్రిటన్ నేవీ దగ్గర 1941లో మొదటిసారి ఎగిరిన ఒక స్వోర్డ్‌ఫిష్ ఉండేది. రెక్క లోపల బరువంతా మోసే దూలాలకు తుప్పు పట్టిందని 2003లో దాన్ని ఆపేశారు. బీఏఈ సిస్టమ్స్ కొత్త రెక్కలు చేసిచ్చింది. మళ్ళీ ఎగిరింది ఎప్పుడో తెలుసా? 2015లో. పన్నెండేళ్ళు!

రెండు, కాగితాలు. అదే సైజు బోల్టు హార్డ్‌వేర్ షాపులో దొరకొచ్చు. కానీ ఏ లోహం, ఎవరు చేశారు, ఎవరు చెక్ చేశారు అనే రికార్డు లేకపోతే విమానంలో వాడకూడదు. కొత్త రెక్కలు పెట్టాక అది పాత విమానమేనా అని అడుగుతారు. పాత డ్రాయింగ్ ప్రకారం, ప్రతి మార్పూ రాసిపెట్టి చేస్తే అవునంటాను. పైన పాత రంగేసి లోపల తోచింది పెడితే, అది డమ్మీ పీసే.

మూడు, మనుషులు. మన నేవీ 2016 వరకు గోవా నుంచి నడిపిన సీ హారియర్ గుర్తుందా? బ్రిటన్ వాడి పక్కన పెట్టిన ఒక సీ హారియర్‌ని అమెరికాలో ఆర్ట్ నాల్స్ అనే రిటైర్డ్ మెరైన్ పైలట్ కొని, బాగుచేసి, 2007 నవంబర్‌లో ఎగరేశాడు. రెండో ఫ్లైట్‌లోనే హైడ్రాలిక్స్ ఫెయిలై ముందు చక్రం దిగలేదు. అయినా నిట్టనిలువుగా కిందికి దించేశాడు. సర్వీసులో హారియర్లు నడిపిన చెయ్యి కాబట్టి సరిపోయింది.

అందుకే వైజాగ్ విమానాన్ని నేల మీదే ఉంచడం కరెక్టే అనిపిస్తుంది. లోహం అలాగే ఉంటుంది. కానీ ఏ ఇంజన్ ఏ శబ్దం చేస్తే భయపడాలో తెలిసిన టెక్నీషియన్లు ముసలివాళ్ళవుతున్నారు. ఆ జ్ఞానానికి మ్యూజియం లేదు.

మీ ఇంట్లో నేవీలో చేసిన మామయ్యో, తాతయ్యో ఉంటే ఈ ఆదివారం పక్కన కూర్చోండి. సీక్రెట్లు వద్దు, పని గురించి అడగండి. ఫోన్ తీసి రికార్డ్ బటన్ నొక్కండి చాలు. ఉంటా మరి.