పటాలం నుంచి పాలమూరుకు

సిపాయిగా చేరిన పాలమూరు యువకుడు నలభై ఏళ్లకు అటూ ఇటూగా పింఛనుదారు అవుతాడు. అప్పటికి పిల్లలింకా బడిలోనే ఉంటారు. కాపురం మార్చడం, రెండో కొలువు వెతుక్కోవడం, ఇంటిల్లిపాది వైద్యం చూసుకోవడం ఒకేసారి మీద పడతాయి. ఇందుకు ప్రభుత్వ సాయం ఉంది కానీ అదంతా ఒకే కార్యాలయంలో దొరకదు.

మొదటిది ప్రయాణం. విరమణ తర్వాత స్థిరపడదలచిన ఊరికి సైనికుడితోపాటు కుటుంబానికీ టికెట్ ఖర్చు, సామాను రవాణా ఖర్చు వస్తాయి. వీటికి తోడు ఏకమొత్తంగా బదిలీ గ్రాంటు ఇస్తారు. ఏడో వేతన సంఘం తర్వాత అది చివరి నెల మూలవేతనంలో 80 శాతం. మామూలుగా ఏడాదిలోగా ఇల్లు మారాలి, రశీదులు భద్రంగా ఉంచుకోవాలి. పఠాన్‌కోట్‌లో కొన్న బైకును తెచ్చుకునేవాళ్లు అక్కడి ఆర్టీవో నుంచి ఎన్‌ఓసీ పట్టుకురావాలి. పన్నెండు నెలలు దాటకముందే ఇక్కడ రిజిస్టర్ చేయించి పన్ను కట్టాలి.

అసలు చిక్కు పేర్ల దగ్గర వస్తుంది. మన ఇంటిపేరు ముందుంటుంది. సైన్యం ఫారాల్లో అది ఒక్కోసారి చివరికి పోతుంది, ఒక్కోసారి పొడి అక్షరంగానే మిగులుతుంది. పటాలం రికార్డులో భార్య పేరు ఉత్త ‘యాదమ్మ’, ఆధార్‌లో ఇంటిపేరుతో సహా ఉంటే కుటుంబ పింఛను అక్కడే ఆగుతుంది. పెళ్లి, పిల్లల పుట్టుక సైనికుడి రికార్డులోకి ఎక్కేది పార్ట్ టూ ఆర్డర్ ద్వారా. సర్వీసులో ఉండగా పేరు సవరణ యూనిట్ క్లర్కు బల్ల దగ్గరే మొదలవుతుంది. ఇంటికొచ్చాక అఫిడవిట్లు రాయించి రికార్డ్స్ ఆఫీసుకు పంపాలి. ఈఎంఈ (ఎలక్ట్రానిక్స్, మెకానికల్ ఇంజినీర్ల విభాగం) వాళ్లకు అది సికింద్రాబాద్‌లోనే ఉంది కాబట్టి కొంత నయం. ఆర్టిలరీ వాళ్లది నాసిక్ రోడ్‌లో, మద్రాస్ రెజిమెంట్ వాళ్లది వెల్లింగ్టన్‌లో ఉన్నాయి. భర్త పోయాక ఈ తిరుగుడు భార్య నెత్తిన పడుతుంది. పెట్టెలు సర్దకముందే ఈ పని చేసుకున్నవాళ్లే తెలివైనవాళ్లు.

ఊరు చేరాక వెళ్లాల్సింది మహబూబ్‌నగర్‌లోని సైనిక సంక్షేమ కార్యాలయానికి. డిశ్చార్జ్ బుక్, పీపీఓ (పింఛను చెల్లింపు ఉత్తర్వు) చూపి పేరు నమోదు చేయించుకుంటే మాజీ సైనికుడి గుర్తింపు కార్డు వస్తుంది. హవల్దారు హోదా వరకు ఉన్న మాజీ సైనికులు, వారి వితంతువులు పిల్లల చదువు, కూతురి పెళ్లి వంటి వాటికి కేంద్రీయ సైనిక్ బోర్డు సాయం కోరేదీ ఇక్కడి నుంచే. డిసెంబర్ 7న జెండా దినోత్సవం పేరిట పోగయ్యే విరాళాలు ఇలాంటి వాటికే పోతాయి.

వైద్యానికి 2003లో మొదలైన మాజీ సైనికుల ఆరోగ్య పథకం ఈసీహెచ్‌ఎస్ ఉంది. హవల్దారు వరకు ఒక్కసారి 30,000 రూపాయలు కడితే దంపతులిద్దరికీ జీవితాంతం, ఆధారితులకు అర్హత ఉన్నంతకాలం వర్తిస్తుంది. ఇల్లు మారినప్పుడు కార్డులో పాలీక్లినిక్‌నూ మార్పించుకోవాలి. పింఛను ఇప్పుడు స్పర్శ్ పోర్టల్ ద్వారా పడుతుంది. ఏటా జీవన ధ్రువీకరణ ఇవ్వాలి. ఆ పని కామన్ సర్వీస్ సెంటర్‌లోనూ అవుతుంది.

కేంద్ర ప్రభుత్వ గ్రూప్-సి ఉద్యోగాల్లో మాజీ సైనికులకు 10 శాతం కోటా ఉంది. ప్రభుత్వ బ్యాంకుల్లో అదే తరగతి కొలువులకు 14.5 శాతం. యూనిఫాం విడవకముందే పునరావాస డైరెక్టరేట్ వృత్తి కోర్సులు నేర్పిస్తుంది. కేంద్రీయ విద్యాలయాల ప్రవేశాల్లో మాజీ సైనికుల పిల్లలు మొదటి ప్రాధాన్య వర్గంలోకి వస్తారు.

భూమి సంగతి వేరు. మాజీ సైనికుల కోటాలో పూర్వం ఇచ్చిన అసైన్డ్ భూమిని పదేళ్ల తర్వాత అమ్ముకోవచ్చని 1993లో ఉత్తర్వు వచ్చింది. మిగతా అసైన్డ్ భూములకు 1977 చట్టం ఆ వీలు ఇవ్వలేదు. అయినా మాజీ సైనికుడి భూమి సర్వే నంబరు నిషేధిత జాబితాలో ఉంటే రిజిస్ట్రేషన్ జరగదు. ఎన్‌ఓసీ కోసం కలెక్టరేట్ మెట్లెక్కాల్సిందే.

2022లో వచ్చిన అగ్నిపథ్ కింద నాలుగేళ్లు చేసి తిరిగొచ్చేవారికి ఈ లెక్క వర్తించదు. వారికి సేవానిధి మొత్తం చేతికొస్తుంది. పింఛను, ఈసీహెచ్‌ఎస్ మాత్రం లేవు.