మంగినపూడి మట్టి, రెయ్క్యవిక్ రాయి

బందరు వారికి సముద్రమనగా మంగినపూడియే. పట్టణమునకు 11 కిలోమీటర్ల దూరమున నున్న ఆ తీరమున దత్తాశ్రమము దాటి నీటిలోనికి దిగినవాని అరికాలికి తగులునది ఇసుక కాదు. మెత్తగా, చల్లగా వ్రేళ్ల సందులలోనికి చొచ్చుకొనివచ్చు నల్లని ఒండ్రుమట్టి. కార్తిక పూర్ణిమ స్నానమునకు మా నాయనమ్మ చేయి పట్టుకొని వెళ్లిన చిన్ననాట, అన్ని సముద్రములకు ఇసుక యుండగా మన సముద్రమునకు పొలములోని మట్టి యెట్లు వచ్చినదని నేనడిగితిని. "కృష్ణమ్మ తెచ్చిందిరా నాయనా" అని ఆమె చెప్పినది. ఆ మాటలో కథ సగమే యున్నదనియు, తక్కిన సగము నాకు బోధపడుటకు ఉత్తరధ్రువ మండలమునకు చేరువనున్న ఒక చిన్న రాజధానికి పోవలసివచ్చుననియు ఆనాడు నేనెరుగను.

ఐస్లాండు రాజధానియైన రెయ్క్యవిక్ 64 డిగ్రీల ఉత్తర అక్షాంశమునకు ఇంచుక ఎగువన, అట్లాంటిక్ సముద్రపుటొడ్డున నున్నది. స్వతంత్ర దేశముల రాజధానులలో దానికంటె ఉత్తరమున మరియొకటి లేదు. జనసంఖ్యలో మన బందరుకంటె చిన్నది. రంగురంగుల రేకుల ఇండ్లతో ముచ్చటగా నుండు ఆ ఊరి నడిబొడ్డు గంట నడకలో ముగియును. రెయ్క్యవిక్ అనగా వారి భాషలో పొగల అఖాతము. తొమ్మిదవ శతాబ్దిలో అచ్చటికి వచ్చి స్థిరపడినవారు చూచి పొగ యనుకొన్నది, నిజమునకు నేలలోనుండి వెలువడు నీటియావిరి. నేను బసచేసిన యింట వేడినీటి కుళాయి త్రిప్పగానే కుళ్లిన కోడిగ్రుడ్డు వాసన ముక్కుకు తగిలినది. అది గంధకపు వాసన. ఆ నీరు ఏ బాయిలరులోనో కాగినది కాదు, భూగర్భమున కాగి వచ్చినది. పూర్వము ఆ నగర స్త్రీలు బట్టల మూటలు మోసికొని మూడు కిలోమీటర్ల దూరమున నున్న వేడినీటి బుగ్గలకు నడచిపోయి ఉదికి తెచ్చుకొనెడివారు. 1930లో ఆ బుగ్గల యొద్దనుండియే గొట్టములు వేసి ఒక పాఠశాలకును కొన్ని ఇండ్లకును నీరు పారించిరి. నేడు ఆ దేశమున పదింట తొమ్మిది యిండ్లు భూతాపముతోనే వెచ్చగా నున్నవి.

ఈ వేడికి మూలము చూడగోరినచో నగరమునకు ఈశాన్యమున నున్న థింగ్‌వెల్లిర్ లోయకు పోవలెను. క్రీ.శ. 930లో ఆ దేశీయుల శాసనసభ మొట్టమొదట ఆరుబయట కూడిన చోటు అదియే. అచ్చట నల్లని రాతిగోడల నడుమ నడచుచున్నప్పుడు, భూమియొక్క పైపెంకు చిరిగిన చీలికలో నడచుచున్నామను ఎరుక కలిగి ఒడలు జలదరించును. ఏలయన, లోయకు పశ్చిమమున ఉత్తర అమెరికా ఫలకమును, తూర్పున యురేషియా ఫలకమును ఏటికి రెండు సెంటీమీటర్ల చొప్పున నేటికిని ఒండొంటిని వీడి తొలగిపోవుచున్నవి. భూమి లోపల కరిగిన రాతిసముద్రము కలదని పలువురు తలంతురు గాని, అచ్చటి శిల మహోష్ణముగా నున్నను పైబరువు చేత కరుగజాలక గట్టిగానే యుండును. కుక్కరులోని నీరు నూరు డిగ్రీలు దాటినను ఒత్తిడివలన అణగియుండి, విజిల్ ఎత్తగానే తెర్లి చిమ్ముట వంటయింటి వారెల్లరు ఎరిగినదే. ఫలకములు విడివడిన చోట పైబరువు తగ్గి, లోపలి శిల పైకి లేచుచు కరుగును. ఐస్లాండు క్రింద ఇది చాలదన్నట్లు, అగాధమునుండి విశేషమైన వేడి స్తంభమువలె లేచివచ్చుచున్నది. కరిగిన యా రాయి పైకి వచ్చి చల్లారినదే నల్లరాయి, శాస్త్రజ్ఞుల బసాల్టు.

దక్షిణతీరమున రేనిస్‌ఫ్యారా అను కడలియొడ్డు కలదు. నల్లని తీరము. దూరమునుండి చూచి మంగినపూడియే యనుకొంటిని. వంగి గుప్పెడు తీసికొంటిని. ముతుకగా, పొడిగా వ్రేళ్ల సందునుండి జారిపోయి అరచేతిలో మరక సైతము మిగులలేదు. రంగొక్కటే, స్వభావము వేరు. మంగినపూడి మట్టి చేతికంటినచో కడిగినను గోళ్లలో మిగులును. అది మట్టి, ఇది మట్టి కాబోవు రాయి. ఆ యొడ్డున నిలిచినప్పుడే నాయనమ్మకు నేను వేసిన ప్రశ్న మరల నా మనసునకు వచ్చినది.

కృష్ణ పుట్టినది మహాబలేశ్వరమున. ఆ కొండ యంతయు లావా. సుమారు 6 కోట్ల 60 లక్షల ఏండ్ల క్రిందట, భారతఖండము ఉత్తరమునకు జరుగుచు హిందూమహాసముద్రపు అగాధమునుండి లేచుచున్న ఉష్ణస్తంభముమీదుగా సాగినప్పుడు, నేల చీలి దక్కను పీఠభూమిమీద లావా పొరలు పొరలుగా ప్రవహించెను. నేడు మిగిలినది 5 లక్షల చదరపు కిలోమీటర్లు. పశ్చిమ కనుమలలో మందము కొన్నియెడల రెండు కిలోమీటర్లకు దగ్గర. ఐస్లాండులో 1783 జూన్ నెలలో చీలిన లాకి అగ్నిపర్వతము ఎనిమిది నెలలలో వెడలగ్రక్కిన లావా సుమారు 15 ఘన కిలోమీటర్లు; దాని విషవాయువులకు గడ్డి చెడి, పశువులు చచ్చి, కరవు వచ్చి ఆ దేశజనులలో అయిదవ వంతు నశించిరి. దక్కను లావా దీనికి వేలకొలది రెట్లు. ఆ పరిమాణమును ఊహింప బూనినవాని మనస్సు మధ్యలోనే నిలిచిపోవును.

ఇంతకంటె ఆశ్చర్యకరమైనది మన యింటి చేరువనే యున్నది. రాజమహేంద్రవరము ప్రక్కన కాతేరు వద్దను, గోదావరికి ఆవలి యొడ్డున పంగిడి, దుద్దుకూరు ప్రాంతములందును నల్లరాతి పొరలు కలవు. రాజోలు వద్ద చమురు సంస్థ వారు త్రవ్విన లోతుబావులలో సైతము నేల యడుగున అదే రాయి దొరకినది. ఈ రాతి రసాయన కూర్పును పరీక్షించినవారు, అది మహాబలేశ్వరపు పొరల కూర్పుతో సరిపోలుచున్నదనియు, ఆ లావా పురాతన నదీలోయల వెంట సుమారు వేయి కిలోమీటర్లు పారి తూర్పు సముద్రమును చేరినదనియు నిర్ధారించిరి. భూమిపై మనకు తెలిసిన మిక్కిలి పొడవైన లావా ప్రవాహములలో ఇది యొకటి. కాతేరు, పంగిడి పొరల నడుమ సున్నపురాతిలో ఉప్పునీటి గవ్వలు, శంఖములు ఇమిడియున్నవి; ఒక ప్రవాహమునకును మరియొక ప్రవాహమునకును నడుమ అచ్చట కడలిపాయ యుండినదనుటకు అవి సాక్ష్యము. కృష్ణ నేటి దివిసీమను కట్టుటకు కోట్ల ఏండ్లకు ముందే, కృష్ణ పుట్టినింటి రాయి మన తీరమునకు వచ్చిపోయినదన్నమాట.

రాయిగా వచ్చినది ఒకమారు. మట్టిగా వచ్చుట నేటికిని సాగుచున్నది. వాననీరు గాలిలోని బొగ్గుపులుసు వాయువును కరగించుకొని స్వల్పమైన ఆమ్లమగును. ఆ ఆమ్లము వేలయేండ్లు నల్లరాతిని నానబెట్టి తినగా సున్నము, మెగ్నీషియము కరగిపోవును. మిగిలిన పదార్థము సన్నని రేకులుగా ఏర్పడును. దానినే మాంట్‌మోరిల్లొనైట్ అందురు. విస్తరాకుల కట్టలో ఆకుకు ఆకుకు నడుమ నీరు చొచ్చినట్లు ఈ రేకుల నడుమ నీరు చొచ్చి మట్టి ఉబ్బును. ఎండకాలమున ఆ నీరు పోగా కుంచించుకొని నెర్రెలు విచ్చును. కోయన, భీమ మొదలగు ఉపనదులతో కూడి కృష్ణ ఈ మట్టిని మోసికొని, తుంగభద్ర తెచ్చిన ఎర్రమట్టిని కలుపుకొని, పులిగడ్డ వద్ద రెండు పాయలై హంసలదీవి వైపునకు పోవుచు దించిన బరువే మన దివిసీమ. నలుపుకు కారణము ఇనుమొక్కటే కాదు. రేకులను గట్టిగా అంటిపెట్టుకొన్న కొలదిపాటి జీవపదార్థమునకు అందు పాలు కలదు.

గుడివాడ ప్రాంతమున మా మేనమామ వరి కోతకు కొలదినాళ్ల ముందు, తడి యారని చేలో మినుములు చల్లుచుండగా చూచితిని. ఆపై నీరు పెట్టుట లేదు. "ఈ నేలకి నీళ్లెందుకురా, మంచుకే పండుద్ది" అని ఆయన యనెడివాడు. మంచు కొంత తోడైనను, అసలు నీరు ఆ రేకుల నడుమ దాగియున్నది; సంక్రాంతి దాటిన పిదపను మినుపచేను పచ్చగా నిలుచుట లావా పెట్టిన భిక్షయే. ఐస్లాండులో అదే రాతికి ఈ భాగ్యము లేదు. లాకి లావా పడి 240 ఏండ్లు దాటినను దానిమీద మందమైన నాచు తప్ప పెద్దగా మొలచినది లేదు. రాయి లేతది, దేశము శీతలము. మన రాతికి వయస్సును, ఎండయు, వానయు మూడును కలిసివచ్చినవి.

అయితే ఆ రాతినే ఐస్లాండు వారు మరియొక విధముగ వాడుకొనుచున్నారు. రెయ్క్యవిక్ చేరువ హెల్లిషేయిడి విద్యుత్కేంద్రమున వెలువడు బొగ్గుపులుసు వాయువును నీటిలో కరగించి నల్లరాతి లోతులకు ఎక్కించిరి. రాతిలోని సున్నముతో కూడి అది రెండేండ్లు తిరుగకమునుపే నూటికి 95 పాళ్లకు పైగా తెల్లని రాయిగా గడ్డకట్టినట్లు 2016లో ప్రకటించిరి. మన నల్లరేగడిలో నాగలికి తగులు తెల్లని సున్నపు గులకలు, వాన తానే నెమ్మదిగా జరిపిన ఇట్టి చర్యయొక్క ఫలమే. వాతావరణము వేడెక్కుచున్న ఈ కాలమున, 5 లక్షల చదరపు కిలోమీటర్ల నల్లరాయి గల దేశమునకు ఈ ప్రయోగము పట్టనిది కాజాలదు.

ఇక్కడ ఒక్క మాట చెప్పక పోజాలను. దక్కను లావాను పుట్టించిన ఉష్ణస్తంభమే పిమ్మట సముద్రమధ్యమున మారిషస్, రియూనియన్ దీవులను పుట్టించినది. పందొమ్మిదవ శతాబ్దిలో కోరంగి రేవునుండి ఓడలెక్కి మారిషస్ చెరకు తోటలకు పోయిన తెలుగు కూలీలు అచ్చట చేత పట్టి ఏరివేసిన నల్లరాళ్లు, మనవారు ఇచ్చట దున్నిన నల్లమట్టికి జ్ఞాతులే. ఈ సంగతి తెలిసిన నాడు నాకు కన్ను చెమర్చినది.

థింగ్‌వెల్లిర్ చీలికను ఐస్లాండు వారు 1928లో చట్టము చేసి కాపాడుకొనిరి. మన పంగిడి నల్లరాయి కంకరగా మారి రోడ్లపాలగుచున్నది. ఉపాధి వద్దనువాడను కాను. గవ్వలున్న పొర పైకి కనబడు ఒక్క కోతనైనను చుట్టు కంచె వేసి, బోర్డు పెట్టి నిలుపుమని ప్రభుత్వమువారిని వేడుచున్నాను. బందరు, గుడివాడ, అవనిగడ్డ కళాశాలల ఉపాధ్యాయులారా, మీ విద్యార్థులను ఒకనాడు మంగినపూడి ఒడ్డుకును, మరియొకనాడు పంగిడికిని తీసికొనిపొండు. పొద్దున్నే బయలుదేరినచో చీకటిపడునప్పటికి ఇల్లు చేరవచ్చును.