వెలుగుకు వాకిలి – గామాకు గోడ

కంటికి కనిపించే ఆపదను తప్పించుకోవడం సులభం. కనిపించని ఆపద ఎదుట నిలిచి నిత్యం పనిచేయవలసిన వారికి విజ్ఞానశాస్త్రమే కవచం. అటువంటి కవచాలలో గాజు ఒకటి అంటే ఆశ్చర్యం కలుగుతుంది.

1900లో ఫ్రెంచి శాస్త్రవేత్త పాల్ విల్లార్, రేడియం నుంచి వెలువడే కిరణాలలో మిక్కిలి లోతుగా చొచ్చుకొనిపోయే వాటిని గుర్తించాడు. 1903లో రూథర్‌ఫర్డ్ వాటికి గామా కిరణాలని పేరు పెట్టాడు. క్యాన్సర్ చికిత్సకు, వైద్యపరికరాల క్రిమిసంహారానికి ఉపయోగపడే కోబాల్ట్–60 ఈ కిరణాలనే వెదజల్లుతుంది. మనదేశంలో దీనిని సిద్ధం చేసే కర్మాగారం రాజస్థాన్‌లోని రావత్‌భాటా వద్ద ఉంది. ఇటువంటి పదార్థాలను మందమైన కాంక్రీటు గోడల గదులలో, యాంత్రిక హస్తాలతో మాత్రమే తాకుతారు. ఆ హస్తాలను నడిపే మనిషి గోడకు ఇవతల ఉంటాడు. చేతికి బదులు యంత్రం ఉంది, మరి కంటికి? గోడలో ఒక కిటికీ కావాలి. అది వెలుగును రానివ్వాలి, గామాను ఆపాలి.

వెలుగు, గామా రెండూ విద్యుదయస్కాంత తరంగాలే. భేదమంతా శక్తిలో ఉంది. కంటికి కనిపించే వెలుగు శక్తి స్వల్పం. గాజులోని ఎలక్ట్రానులను కదిలించడానికి అది చాలదు. అందుచేత వెలుగు నిరాటంకంగా సాగిపోతుంది. గామా కిరణం అలా కాదు. ఎలక్ట్రానులను ఢీకొని శక్తిని కోల్పోతూ దారి మళ్లుతుంది. దీనినే కాంప్టన్ పరిక్షేపణం అంటారు. శక్తి తక్కువగా ఉన్న గామా కిరణాన్ని బరువైన పరమాణువు పూర్తిగా గ్రహించివేస్తుంది. ఇది కాంతి విద్యుత్ ఫలితం. కాబట్టి గాజులో బరువైన పరమాణువులు, దట్టంగా ఉండాలి.

ఇక్కడే సీసం అక్కరకు వస్తుంది. సీసమనగానే సాహిత్య విద్యార్థికి పద్యం స్ఫురించవచ్చు, ఇది లోహం. సిలికాన్ పరమాణు సంఖ్య 14 కాగా సీసానిది 82. మామూలు గాజు సాంద్రత ఘన సెంటీమీటరుకు సుమారు 2.5 గ్రాములు. కోబాల్ట్–60 కిరణాల తీవ్రతను సగం చేయడానికి అది దాదాపు 5 సెంటీమీటర్ల మందం ఉండాలి. సీసపు ఆక్సైడు అధికంగా కలిపి, సాంద్రతను 5.2 గ్రాములకు పెంచిన గాజు అందులో సగం మందం ఉంటే చాలు. అటువంటి పొరలు పది దాటేసరికి కిరణాల తీవ్రత సుమారు వెయ్యో వంతుకు తగ్గుతుంది.

అయితే ప్రతి గుణం వెంట ఒక దోషం ఉంటుంది. దీర్ఘకాలం గామా సోకిన గాజు గోధుమరంగుకు తిరిగి చూపును మసకబారుస్తుంది. స్వల్పంగా సీరియం ఆక్సైడు కలిపి దీనిని నివారిస్తారు. సీసం విషపదార్థం, గాజును కరిగించే కార్మికునికి, పారవేసిన పిదప నేలకు, నీటికి ముప్పు. అందుకే శాస్త్రజ్ఞులు పరమాణు సంఖ్య 83 గల బిస్మత్ వైపు దృష్టి సారించారు. దాని విషస్వభావం చాలా తక్కువ. కాని బిస్మత్ ఆక్సైడు పెరిగినకొద్దీ గాజు పసుపు వన్నెకు తిరుగుతుంది, మెత్తబడుతుంది. బేరియం, టంగ్‌స్టన్, టెల్లూరియం ఆక్సైడులను తగుపాళ్లలో చేర్చి సమతూకం సాధించే పరిశోధనలు సాగుతున్నాయి.

గామాను ఆపడమే లక్ష్యమైతే కాంక్రీటు గోడ చాలును. గోడకు ఇవతలి మనిషి చూడాలి, క్షేమంగా ఇల్లు చేరాలి. ఆ గాజును తయారుచేసిన కార్మికుడూ క్షేమంగా ఉండాలి. ఈ మూడూ నెరవేరిననాడే ఆ గాజు నిజమైన కవచమవుతుంది.