నర్సమ్మ కసిరితే నిజం దాగుతుంది

పాము కరిచిన మనిషిని ముందు మంత్రగాడి దగ్గరకు తీసుకువెళ్లి, పొద్దుపోయాక పెద్దాసుపత్రికి చేర్చడం పల్లెల్లో కొత్త కాదు. అక్కడ నర్సమ్మ "ఇంతసేపూ ఏం చేస్తున్నారు?" అని కసిరితే వెంట వచ్చినవారు బెదిరిపోతారు. "ఇప్పుడే కరిచిందమ్మా" అని బొంకుతారు. కట్టు ఎప్పుడు కట్టిందీ, పసరు ఏమి తాగించిందీ చెప్పరు. డాక్టరుకు తెలియవలసిన సంగతులు గుమ్మం దగ్గరే ఆగిపోతాయి.

అదే నర్సమ్మ "భయపడకండి, ఏ వేళకు కరిచిందో సరిగా చెప్పండి" అంటే నిజం బయటకు వస్తుంది. మాటతీరు మర్యాదకు సంబంధించినదే కాదు, ప్రాణానికి సంబంధించినది కూడా.

పేరు కొత్త, గుణం పాత

ఎదుటివారి భయాన్నీ, బాధనూ కనిపెట్టడం, తన కోపాన్ని తాను గుర్తెరిగి అదుపులో పెట్టుకోవడం అనే శక్తిని భావోద్వేగ ప్రజ్ఞ అంటున్నారు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్తలు పీటర్ సలోవే, జాన్ మేయర్ 1990లో దీనిని వివరించారు. 1995లో డేనియల్ గోల్‌మన్ పుస్తకంతో ఇది లోకానికి బాగా తెలిసింది. అయితే గుణం పాతదే. రోగి గదిలో గుసగుసలాడవద్దనీ, ఏమి జరుగుతుందో తెలియని ఆందోళన రోగికి ఎంతో చేటు చేస్తుందనీ ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లోనే రాశారు.

చాకిరీ బరువు

నర్సులు ఊరకే విసుక్కోరు. సాధారణ ఆసుపత్రిలో 5గురు రోగులకు ఒక నర్సు, బోధనాసుపత్రిలో 3గురికి ఒకరు వుండాలన్నది భారత నర్సింగ్ కౌన్సిల్ ప్రమాణం. వార్డంతా ఒక్కరే చూసుకోవలసిన రాత్రి ఈ లెక్క నిలవదు. ఒకచోట సెలైను అయిపోతుంది, మరోచోట జ్వరం ముదురుతుంది, ఇంకోచోట బంధువులు గొడవకు దిగుతారు. అటువంటప్పుడు ఓర్పు ఒక్కటే చాలదు, తగినంతమంది మనుషులు కూడా కావాలి.

చిన్న నర్సు నోరు మూతపడితే

ఇంజక్షను ఇచ్చేముందు సరైన రోగి, సరైన మందు, సరైన మోతాదు, సరైన మార్గం, సరైన వేళ చూసుకోవాలన్నది నర్సులు నేర్చుకునే తొలి పాఠాల్లో ఒకటి. మోతాదుపై అనుమానం వస్తే అడగాలి. కాని నలుగురి ఎదుట పెద్ద నర్సు చేతనో, డాక్టరు చేతనో చీవాట్లు తిన్న పిల్ల మరోసారి అడగడానికి జంకుతుంది. ఆ జంకు వల్ల కలిగే నష్టం రోగిదే. తప్పును పక్కకు పిలిచి చెప్పే వార్డులో పొరపాట్లు త్వరగా బయటపడతాయి.

బంధువుల వంతు

రోగి వెంట ఒకరిద్దరు వుంటే చాలు. జరిగినదంతా ఒకరే వివరంగా చెప్పాలి. వాడిన నాటు మందులు దాచరాదు. పేరు మళ్లీ మళ్లీ అడిగినా విసుగులేకుండా చెప్పాలి, మందు మారిపోకుండా చూసేందుకే ఆ ప్రశ్న. నర్సు ప్రవర్తన బాగాలేకుంటే హెడ్ నర్సుకు గాని, సూపరింటెండెంటుకు గాని రాతపూర్వకంగా తెలపవచ్చు. చేయి చేసుకుంటే మాత్రం 2008 నాటి రాష్ట్ర చట్టం ప్రకారం 3 సంవత్సరాల వరకు జైలు, 50,000 రూపాయల వరకు జరిమానా పడవచ్చు.