వార్తల్లో పదం: అనలాగ్ టెలిఫోన్ అడాప్టర్

పాత ల్యాండ్‌లైన్ ఫోన్‌ను ఇంటర్నెట్‌కు కలిపే చిన్న పెట్టె ఇది. సాధారణంగా మన గొంతును సెకనుకు 8,000 సార్లు కొలిచి, అంకెలుగా మార్చి, ప్యాకెట్లుగా పంపుతుంది. అవతలి వైపు నుంచి వచ్చిన ప్యాకెట్లను మళ్లీ మాటగా వినిపిస్తుంది. డయల్ టోన్ ఇచ్చేదీ, గంట మోగించేదీ ఇదే.

2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ ఇంటర్నెట్, టీవీ, ఫోన్ మూడింటినీ ఒకే తీగపై ఇచ్చింది. ఇలాంటి కనెక్షన్లలో అడాప్టర్ పనిని సాధారణంగా ఇంట్లోని ఫైబర్ మోడెమే చేస్తుంది.

పాత ఫోనుకు ఎక్స్ఛేంజీ నుంచే రాగి తీగ మీద కరెంటు అందేది. అడాప్టర్‌కైతే ఇంటి కరెంటే ఆధారం. కాబట్టి చిప్పగిరి లాంటి పల్లెలోనైనా ఆదోని లాంటి పట్టణంలోనైనా కరెంటు పోయినప్పుడు ఫోన్ మోగాలంటే బ్యాటరీ బ్యాకప్ ఉండాలి. అడాప్టర్ పాస్‌వర్డునూ మార్చుకోవాలి; లేదంటే మన ఖాతాలో ఇతరులు కాల్స్ చేసే ప్రమాదముంది.