తేలని థైరాయిడ్ గడ్డ, ఖరీదైన స్కాన్

థైరాయిడ్‌లో గడ్డ ఉందని తెలిస్తే ముందు టీఎస్‌హెచ్ రక్తపరీక్ష, తర్వాత అల్ట్రాసౌండ్, అవసరమనిపిస్తే సన్నటి సూదితో కణాలు తీసి చూడటం. ఎక్కువమందికి ఇక్కడే సంగతి తేలిపోతుంది. చిక్కంతా సూది పరీక్ష రిపోర్టులో బెథెస్డా 3 అనో, 4 అనో వచ్చినవాళ్లకే. ఆరు మెట్ల ఈ వర్గీకరణలో 2 అంటే హాని లేనిది, 6 అంటే క్యాన్సరే. 3, 4 మాత్రం అటూ ఇటూ తేలనివి. తప్పు పాథాలజిస్టుది కాదు. ఫాలిక్యులర్ రకం గడ్డ క్యాన్సరా కాదా అన్నది ఒక్కో కణం రూపం చూసి చెప్పలేరు. గడ్డ తన చుట్టూ ఉన్న పొరను గానీ, రక్తనాళాలను గానీ చొచ్చుకుపోయిందా అని చూడాలి. సూదిలోంచి గాజుపలక మీదికి వచ్చిన కణాల గుంపుల్లో ఆ పొర ఉండదు. గుప్పెడు గింజలు చూసి పంట గట్టు దాటిందో లేదో ఎవరు చెప్పగలరు?

అందుకే గడ్డ ఉన్న వైపు సగం గ్రంథిని తీసేసి, దాన్ని పొరలుగా కోసి చూడటం ఏళ్ల తరబడి ఆనవాయితీ అయింది. అంటే చికిత్స కోసం కాదు, తెలుసుకోవడం కోసం ఆపరేషన్. అలా తీసిన గడ్డల్లో దాదాపు నాలుగింట మూడు వంతులు హాని లేనివే. ఆ ఖర్చు ఆసుపత్రి బిల్లుతో ఆగదు. సగం గ్రంథి పోయినవాళ్లలో సుమారు ఐదుగురిలో ఒకరికి మిగిలిన సగం చాలక హార్మోన్ తగ్గుతుంది. అలాంటివాళ్లలో కొందరు రోజూ పరగడుపున మాత్ర వేసుకోవాల్సిందే. గొంతు నరానికి దెబ్బ తగలడం అరుదే, కానీ తగిలితే మాట బొంగురుపోతుంది. పాఠం చెప్పి బతికేవాళ్లకు, వీధిలో కేకేసి అమ్ముకునేవాళ్లకు అది చిన్న నష్టం కాదు. ఈ ఆపరేషన్‌ను కొందరికి తప్పించగలిగేది పెట్ సీటీ స్కాన్. కాబట్టి ఆ స్కాన్ ఖరీదైనదా, చవకైనదా అన్నది దాని ధర చూసి కాదు, అది తప్పించే ఆపరేషన్లను చూసి తేల్చాలని నా వాదన.

దీన్ని నేరుగా పరీక్షించినవాళ్లు నెదర్లాండ్స్ వైద్యులు. 15 ఆసుపత్రుల్లో, బెథెస్డా 3 లేదా 4 వచ్చిన 132 మందికి పెట్ సీటీ తీశారు. రేడియోధార్మిక ఫ్లోరిన్ తగిలించిన చక్కెరను రక్తనాళంలోకి ఎక్కించి, గంట ఆగి, ఆ గడ్డ చుట్టుపక్కల కణజాలం కంటే ఎక్కువ చక్కెర పీల్చుకుంటోందా అని చూస్తారు. 41 మంది విషయంలో ఫలితాన్ని దాచి ఉంచి, అందరికీ ఆపరేషనే సూచించారు. మిగిలిన 91 మందిలో గడ్డ చక్కెర పీల్చనివాళ్లను ఆపరేషన్ లేకుండా గమనిస్తూ ఉండమన్నారు. 2022లో వచ్చిన ఫలితాల ప్రకారం రోగికి మేలు చేయని నిర్ణయాలు ఆపరేషన్ బాటలో 83 శాతం, స్కాన్ బాటలో 42 శాతం. హాని లేని గడ్డలకు జరగబోయే ఆపరేషన్లలో 40 శాతం తప్పాయి. అదే బృందం వేసిన జీవితకాలపు లెక్కలో స్కాన్ బాటకే ఖర్చు తక్కువైంది, జీవన నాణ్యత తగ్గలేదు.

క్యాన్సర్ తప్పించుకుపోతే ఎలా అన్న భయం సహజం. ఆ అధ్యయనంలో స్కాన్ నెగెటివ్ వచ్చినవాళ్లలో 95 శాతం మందికి ఉన్నది నిజంగా హాని లేని గడ్డే. మిగిలిన 5 శాతం అనుమానం ఊరికే కొట్టిపారేసేది కాదు. అందుకే నెగెటివ్ అంటే ఇంటికి పంపేయడం కాదు, అల్ట్రాసౌండ్‌తో కనిపెట్టుకుని ఉండటం. థైరాయిడ్ క్యాన్సర్లలో ఎక్కువ భాగం నెమ్మదిగా పెరిగేవి కాబట్టి ఆ వ్యవధి ఉంటుంది. రెండో వైపు ప్రమాదమే నాకు ఎక్కువ అనిపిస్తుంది: పాజిటివ్ వచ్చినవాళ్లలో మూడింట ఒక వంతుకే క్యాన్సర్ గానీ, దాని అంచున ఉన్న కణితి గానీ తేలింది. పాజిటివ్ రిపోర్టు పట్టుకుని ‘క్యాన్సరట’ అని ఇంటిల్లిపాదీ కుమిలిపోవడానికి ఆధారం లేదు. అసలు స్కాన్లు పెరిగితే అనవసర చికిత్సలూ పెరుగుతాయన్న అభ్యంతరానికి దక్షిణ కొరియాయే సాక్ష్యం. అక్కడ ఆరోగ్యంగా ఉన్నవాళ్లకు మెడ అల్ట్రాసౌండ్ చేస్తూ పోతే 2011 నాటికి థైరాయిడ్ క్యాన్సర్ నిర్ధారణలు 1993తో పోలిస్తే 15 రెట్లయ్యాయి, మరణాలు మాత్రం ఉన్నచోటే ఉన్నాయి. కానీ అది గడ్డల కోసం వెతుక్కుంటూ వెళ్లడం. నేను చెబుతున్నది కత్తి దాకా వచ్చేసిన మనిషిని వెనక్కి తీసుకురావడం గురించి.

యూరోల లెక్క మనకు రూపాయల్లో సరిపోతుందా అంటే, నేరుగా సరిపోదు. ఆపరేషన్ ధర, స్కాన్ ధర రెండూ వేరు. అయినా ఆ అధ్యయనంలోనే మనకు పనికొచ్చే కొలత ఒకటుంది. స్కాన్ తీసినవాళ్లలో 31 శాతానికి నెగెటివ్ వచ్చింది, అంటే మూడు స్కాన్లకు సుమారు ఒక ఆపరేషన్ తప్పుతుంది. కాబట్టి ఆపరేషన్, ఆసుపత్రి బస, పోయిన కూలి, తర్వాతి మాత్రలు అన్నీ కలిపి మూడు స్కాన్ల ఖర్చును మించితే స్కానే లాభం. దీనికో మినహాయింపు ఉంది. సూది పరీక్షలో హర్త్‌లే అనే రకం కణాలు కనిపించిన గడ్డలు హాని లేనివైనా చక్కెర బాగా పీలుస్తాయి. అలాంటి 15 హాని లేని గడ్డల్లో రెండింటికే ఆపరేషన్ తప్పింది. వాళ్లకు ఈ స్కాన్ దండగ. బెథెస్డా 3 వచ్చినవాళ్లకు సూది పరీక్షే మరోసారి చేస్తే చాలాసార్లు తేలిపోతుంది కాబట్టి, ముందు ఆ చిన్న ఖర్చు చూసుకోవాలి.

మన దగ్గర అసలు అడ్డంకి ధర ఒక్కటే కాదు, ఆ ధర ఎవరు కడతారన్నది కూడా. ఆరోగ్య బీమాలు ఎక్కువగా ఆసుపత్రిలో చేరితేనే డబ్బిస్తాయి. 2007లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మొదలైన ఆరోగ్యశ్రీ కూడా ప్రధానంగా అలా చేరి చేయించుకునే చికిత్సల చుట్టూ కట్టిన పథకమే. బయటి నుంచి వచ్చి తీయించుకునే స్కాన్‌కు సొంత డబ్బు పెట్టాల్సి వచ్చి, గ్రంథి తీయించుకోవడానికి మాత్రం బీమా వర్తిస్తే, పేద కుటుంబం ఆపరేషన్‌నే ఎంచుకుంటుంది. వాళ్ల మటుకు అదే చవక. బెథెస్డా 3, 4 రిపోర్టు ఉండి, రెండోసారి సూది పరీక్షలోనూ తేలక, హర్త్‌లే కణాలు లేవని తెలిసినవాళ్లకు ఈ స్కాన్ ఖర్చును ఆపరేషన్ ప్యాకేజీలోనే చేరిస్తే, పథకానికీ డబ్బు మిగులుతుంది, మనిషికీ గ్రంథి మిగులుతుంది.